చేయి తిరిగిన విద్య

విద్యను దొంగలు ఎత్తుకుపోలేరని, అన్నదమ్ములు పంచుకోలేరని, రాజు జప్తు చేయలేడని మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఇల్లు పోవచ్చు, పొలం పోవచ్చు, నేర్చినవాడి చేతిలోని నేర్పు మాత్రం వాడితోనే ఉంటుందని ఒక ధీమా. మగ్గం విరిగితే ఇంకో మగ్గం మీద నేస్తాడు, వీణ పగిలితే ఇంకో వీణ పట్టుకుంటాడు. ఈ ధీమా చెల్లని చోటు ఒకటి గత పాతికేళ్లలో పుట్టుకొచ్చింది. వేలమంది ఒకే లోకంలోకి దిగి కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో, మనిషి రెండేళ్లు కూర్చుని పట్టు సాధించిన పని, సర్వర్లు ఒక పూట ఆపి మళ్లీ తెరిచేసరికి మాయమైపోవచ్చు. ఆటగాడి పేరు ఉంటుంది, బొమ్మ ఉంటుంది, పెట్టెలో దాచుకున్న సరుకు కూడా చాలావరకు ఉంటుంది. చేయి తిరిగిన పని ఉండదు. అలా జరిగినప్పుడల్లా గగ్గోలు లేస్తుంది. బయటివాళ్లు నవ్వుతారు. ఆట తయారుచేసినవాళ్లు ‘మార్పంటే ఎవరికి గిడుతుంది, నాలుగు రోజులు పోతే వాళ్లే సర్దుకుంటారు’ అని విసుక్కుంటారు. ఇద్దరూ ఆ కోపాన్ని తప్పుగానే చదువుతున్నారు. అందులో ఉన్నది విద్య పోగొట్టుకున్నవాడి దుఃఖం. దాన్ని తీసేసుకున్నవాడు లెక్కయినా చెప్పలేదన్న కడుపుమంట.

ఈ ఆటల్లో ‘క్లాస్’ అంటే ఆ లోకంలో మనిషి ఎంచుకునే వృత్తి. ఒకరు కత్తి పట్టి ముందు నిలబడతారు, ఒకరు వెనక ఉండి గాయాలు మాన్పుతారు, ఒకరు మంత్రం వేస్తారు. ఒక్కో వృత్తికి దాని బలం, దాని లోటు. ఒకరి లోటు ఇంకొకరి బలంతో పూడుతుంది కనుకనే జట్టు కడతారు. ఈ బలాబలాలను తయారీదార్లు ఎప్పటికప్పుడు సవరిస్తూనే ఉంటారు. పెంచితే ‘బఫ్’ అంటారు, తగ్గిస్తే ‘నెర్ఫ్’ అంటారు. అది పులుసులో ఉప్పు సరిచూడటం లాంటిది. నెర్ఫ్ తగిలినవాడు ఆ పూటకు నాలుగు తిట్లు తిట్టి మళ్లీ ఆటలో పడతాడు. వృత్తినే కూలగొట్టి కొత్తగా కట్టడం, వాళ్ల భాషలో ‘రీవర్క్’, వేరే సంగతి. ఇరవై ఏళ్లుగా పులుసు పెడుతున్న వంటమనిషిని పిలిచి, రేపటి నుంచి కేకులు చెయ్యమనడం అది. అదీ వంటే కదా అంటే ఆమె ఏం జవాబు చెబుతుంది?

ఇందుకు పాఠంలా నిలిచిపోయిన ఉదంతం స్టార్ వార్స్ గెలాక్సీస్. 2003 జూన్‌లో సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ ఈ ఆటను అమెరికాలో విడుదల చేసింది. స్టార్ వార్స్ సినిమాల హక్కుల తరఫున లూకాస్‌ఆర్ట్స్ వెనక ఉంది. రాఫ్ కోస్టర్ సారథ్యంలో రూపుదిద్దుకున్న ఆ లోకంలో ముప్పైకి పైగా వృత్తులు. తుపాకులు పట్టే రకరకాల యోధుల పక్కనే దర్జీ, వంటవాడు, వాస్తుశిల్పి, వైద్యుడు, నర్తకి, వాద్యకారుడు, జంతువులను మచ్చిక చేసేవాడు. ఒక్కో పాత్రకు 250 నైపుణ్య పాయింట్లు. ఏ వృత్తిలో ఎన్ని మెట్లు ఎక్కాలో, దేన్ని దేనితో కలపాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఆయుధాలు చేసేవాడి పని ఒకసారి దగ్గరగా చూడండి. ముందు గ్రహాలు తిరిగి లోహం వెతకాలి. లోహమంటే అంతా ఒకటి కాదు. ఒక్కో నిక్షేపానికి ఒక్కో పేరు, గుణాలకు వేరువేరు అంకెలు. మేలైన లోహం ఒకచోట కొద్ది రోజులు దొరుకుతుంది, తర్వాత అడుగంటిపోతుంది, అదే లోహం మళ్లీ రాదు. దొరికిన నాడే యంత్రాలు దించి తవ్వి దాచుకున్నవాడు తెలివైనవాడు. ఆ లోహంతో ప్రయోగాలు చేసి, నమూనా తేల్చి, కర్మాగారంలో పోసి, అంగడి పెట్టి అమ్మాలి. మంచి పనివాడి పేరు ఆ సర్వర్ అంతా తెలుసు. ఫలానావాడు చేసిన తుపాకీ అని వెతుక్కుంటూ గ్రహాలు దాటి వచ్చేవారు. యుద్ధం చేసి మనసు అలిసినవాళ్లు పానశాలకు వెళ్లి నర్తకి ఆట చూస్తే తేరుకునేవారు. తుపాకీ ముట్టకుండానే ఆ లోకంలో పేరున్న మనిషిగా బతకవచ్చు.

2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చి ఈ రంగం లెక్కలన్నీ మార్చేసింది. కొత్తవాడికి చప్పున అర్థమయ్యే ఆట అది; చందాదారులు వెల్లువలా వచ్చారు. గెలాక్సీస్ యజమానులకు కంగారు పుట్టింది. 2005 ఏప్రిల్‌లో పోరాట పద్ధతిని ఒకసారి మార్చారు. నవంబరు 1న ‘ట్రయల్స్ ఆఫ్ ఓబీ-వాన్’ అనే విస్తరణను అమ్మకానికి పెట్టారు. సరిగ్గా రెండు వారాలకు, నవంబరు 15 మంగళవారం, ‘న్యూ గేమ్ ఎన్‌హాన్స్‌మెంట్స్’ పేరుతో ఆటనే తిరగరాశారు. ముప్పైకి పైగా ఉన్న వృత్తులు తొమ్మిదయ్యాయి. నర్తకి, వాద్యకారుడు కలిసి ‘వినోదకారుడు’. దర్జీ, వంటవాడు ఒకే వర్తకుడి కింద సర్దుబాటు. జంతువులను మచ్చిక చేసేవాడికైతే చోటే లేదు. ఎత్తు వేసుకుని ఆడే పోరాటం పోయి, తెర మీద గురిచూసి కాల్చే పోరాటం వచ్చింది. నెలల తరబడి తపస్సు చేస్తే తప్ప దక్కని జెడై వీరుడి హోదా, ఆటలో అడుగుపెట్టినవాడెవడైనా మొదటి తెర మీదే ఎంచుకునే అంగడి సరుకైంది. ఆటగాళ్లు ఎంత మండిపడ్డారంటే, కొత్త విస్తరణ కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామని సంస్థే ముందుకు రావాల్సి వచ్చింది.

ఈ పని ఎందుకు చేశారో లూకాస్‌ఆర్ట్స్ ప్రతినిధి ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌కు దాపరికం లేకుండా చెప్పారు. పాత ఆటలో చదవాల్సింది మరీ ఎక్కువైందట. జనాన్ని సినిమా వీరులు హాన్ సోలోగానో ల్యూక్ స్కైవాకర్‌గానో ఊరేగించాలి గానీ, ఎడారిలో గాలి నుంచి తేమ పిండుకుని బతికే ఓవెన్ బాబాయిగా కాదట. వాళ్లు సొంతంగా సృష్టించుకున్నదాని కంటే సినిమాలో చూసినదాంట్లో వాళ్లకు పాత్ర ఇవ్వాలట. తగవు మొత్తం ఈ మాటల్లోనే ఉంది. నెలకు దాదాపు 15 డాలర్లు కట్టి జనం ఆడుతున్నది ఓవెన్ బాబాయిగా బతకడానికే అన్న సంగతి పైవాళ్లకు తట్టలేదు. హాన్ సోలోను చూడాలంటే సినిమా ఉంది, రెండు గంటల్లో అయిపోతుంది. తాను వెతికిన లోహం, తాను కట్టిన అంగడి, తన పేరు తెలిసిన ఊరు సినిమాలో దొరకవు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పాతవాళ్లు గుంపులుగా వెళ్లిపోయారు, వస్తారనుకున్న కొత్తవాళ్లు రాలేదు. సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ అప్పటి అధ్యక్షుడు జాన్ స్మెడ్లీ అది పొరపాటని తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నారు.

చేతిలో ఉన్నది పోతే మనిషి దాని విలువకు మించి బాధపడతాడని, ఇదంతా ఆ మానసిక దౌర్బల్యమేనని కొందరి వాదం. దానికి శాస్త్రాధారం కూడా చూపిస్తారు. కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాఫీ కప్పు చేతికి అందినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. కప్పు అదే, చేతిలో ఉన్నందుకే విలువ పెరిగింది. ఆటగాళ్లదీ అదే భ్రమ అంటారు. అయితే ఆ కప్పు నిమిషం కిందట ఊరకే వచ్చింది. ఏ కప్పుకైనా ఇంకో కప్పు సాటి. వృత్తిలో పట్టు ఊరకే రాదు, దానికి సాటిగా ఇంకోటి అంగట్లో దొరకదు. ఏ లోహం ఎప్పుడు దాచాలో తెలిసినవాడి తెలివి ఆ నియమాలు ఉన్నంతవరకే తెలివి. నియమాలు పోయిన మర్నాడు అది పనికిరాని సమాచారం. కప్పు పోయినవాడి బాధలో భ్రమ పాలు ఎంతో తేల్చవచ్చు. ఇక్కడ పోయింది పెట్టుబడి. పెట్టుబడి పోయినవాడు ఏడిస్తే దాన్ని దౌర్బల్యమనడం మనకు అలవాటు లేదు.

ఆటలన్నాక నియమాలు మారవా అని ఇంకొకరు అడుగుతారు. మారతాయి. బ్యాడ్మింటన్‌నే తీసుకుందాం. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు సర్వీసు చేసేవాడికే పాయింటు, గేముకు 15. 2006లో ప్రపంచ సమాఖ్య ఆ లెక్కను ఎత్తేసి, ఎవరు ర్యాలీ గెలిస్తే వారికే పాయింటు, గేముకు 21 అని మార్చింది. హైదరాబాద్‌లో గోపీచంద్ దగ్గర తయారైన సైనా, సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చింది ఈ కొత్త లెక్కలోనే. పాత లెక్కలో పెరిగినవాడు కొత్త లెక్కలో ఆడేవారికి గురువు కాగలిగాడు. ఎలాగంటే, మారింది లెక్క; స్మాష్ కొట్టే మణికట్టు మారలేదు, నెట్ దగ్గర షటిల్‌ను జారవిడిచే ఒడుపు మారలేదు. సమాఖ్య ఎంత పెద్దదైనా ఆటగాడి భుజాన్ని తిరగరాయలేదు. ఆన్‌లైన్ ఆటలో తయారీదారు సరిగ్గా ఆ పనే చేయగలడు. అంత అధికారం ఏ క్రీడా సమాఖ్యకూ ఎప్పుడూ లేదు. లెక్క మార్చే సంస్థకు ఉండాల్సిన జాగ్రత్త కంటే భుజం మార్చగల సంస్థకు ఉండాల్సిన జాగ్రత్త ఎన్నో రెట్లు ఎక్కువ.

కదలకుండా కూర్చుంటే ఆట చచ్చిపోతుంది, అది నిజమే. ఇక్కడే ఫైనల్ ఫాంటసీ 14 కథ అక్కరకొస్తుంది. 2010 సెప్టెంబరులో జపాన్ సంస్థ స్క్వేర్ ఎనిక్స్ దాన్ని విడుదల చేస్తే అభాసుపాలైంది. పగ్గాలు చేపట్టిన నవోకీ యోషిదా చిన్నాచితకా సవరణలతో సరిపెట్టలేదు. ఆట మొత్తాన్ని కూల్చి, 2013 ఆగస్టులో కొత్తగా నిలబెట్టారు. మార్పు లోతులో చూస్తే గెలాక్సీస్‌లో జరిగినది దీని ముందు చిన్నది. అయినా ఇది నిలిచింది, ప్రపంచంలో పెద్ద ఆటల్లో ఒకటైంది. తేడా చేసిన పనిలో కంటే చేసిన తీరులో ఎక్కువ కనిపిస్తుంది. ఆట బాగా లేదని ముందు తామే ఒప్పుకుని, ఏడాదికి పైగా చందా తీసుకోలేదు. నిర్మాత లేఖల రూపంలో ఏది ఎందుకు మారుతోందో చెబుతూ వచ్చారు. పాత లోకం అంతాన్ని కథలో భాగం చేశారు: ఆకాశంలో ఎర్ర చంద్రుడు రోజురోజుకూ దగ్గరవుతూ వచ్చి, చివరి రోజున విరుచుకుపడ్డాడు. పాత పాత్రలను కొత్త లోకంలోకి తీసుకెళ్లనిచ్చారు. చందా మొదలుపెట్టాక ఆ కష్టకాలంలోనూ కట్టి నిలిచినవారికి నెలసరి రుసుము శాశ్వతంగా తగ్గించి, వారి పేర్లు ఆట ముగింపు పట్టికలో వేశారు. ఏరు దాటాక తెప్ప తగలేయలేదు. కూల్చినా క్షమించారంటే, ఆటగాడికి మార్పే గిట్టదన్న వాదన నిలవదు.

అలాగని ప్రతి కోపం న్యాయమైనదని కాదు. ఇదే ఆటలో 2022 ఏప్రిల్‌లో సమురాయ్ వృత్తి నుంచి ‘కైటెన్’ అనే ఒక్క ప్రయోగాన్ని తీసేస్తే పెద్ద రభస జరిగింది. పెద్ద దెబ్బ వేసే ముందు నొక్కి, ఆ దెబ్బకు ఇంకాస్త పదును పెట్టుకునే మీట అది. 2024లో వచ్చిన విస్తరణలోనూ అది తిరిగి రాలేదు. ఆట ఆగలేదు, సమురాయ్‌లు ఆడుతూనే ఉన్నారు. వడ్రంగి పెట్టెలోంచి ఒక ఉలి పోయింది, వడ్రంగం పోలేదు. ఉలి పోయినా బాధే, ఆ బాధకు నాలుగు మాటలు అనే హక్కూ ఉంది, కానీ దాన్ని సర్వనాశనం అనలేం. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఒకటే ప్రశ్న వేసుకోవాలి. నిన్నటి చేయి తిరిగినవాడు ఇవాళ కూడా కొత్తవాడి కంటే కాస్త ముందు ఉన్నాడా, లేక ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడ్డారా? గెలాక్సీస్‌లో ఒకే మెట్టు మీద నిలబెట్టారు. పైగా కొత్తవాడి కోసమే ఆ మెట్టు కట్టామని పాతవాడి ముఖం మీదే చెప్పారు.

అరిచేవాళ్లు గుప్పెడు మంది, హాయిగా ఆడుకునేవాళ్లు నోరెత్తరు కనుక కనబడరు అని సంస్థలు ఎప్పుడూ చెప్పే సమాధానం. లెక్క నిజం కావచ్చు, దాని నుంచి తీసే అర్థం తప్పు. ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ‘ఎగ్జిట్, వాయిస్, అండ్ లాయల్టీ’ అనే చిన్న పుస్తకంలో, ఒక సంస్థ పతనమవుతుంటే దాన్ని నమ్ముకున్నవారికి రెండు దారులని చెప్పాడు: వెళ్లిపోవడం, లేదా గొంతెత్తడం. అభిమానం ఉన్నవాడే వెళ్లకుండా ఆగి గొంతెత్తుతాడు. అంటే అరుస్తున్నవాడు ఇంకా మిగిలి ఉన్న ఆస్తి. భయపడాల్సింది చప్పుడు లేకుండా చందా ఆపేసినవాడి గురించి. కేంబ్రిడ్జిలోని జాగెక్స్ సంస్థకు ఇది త్వరగానే తెలిసొచ్చింది. 2012 నవంబరు 20న రూన్‌స్కేప్ ఆటలో పోరాట పద్ధతిని సమూలంగా మార్చారు; పాతవాళ్లు విరుచుకుపడ్డారు, చాలామంది వెళ్లిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, 2007 ఆగస్టు నాటి పాత ప్రతి ఒకటి తమ దగ్గర భద్రంగా ఉందని, కావాలా అని ఓటింగ్ పెట్టారు. నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరి 22న ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ తెరుచుకుంది. ఏ కొత్త అంశం చేర్చాలన్నా ఓటేసిన ఆటగాళ్లలో 75 శాతం ఒప్పుకోవాలని నియమం పెట్టుకున్నారు. 2022లో దాన్ని 70కి తగ్గించారు. ఆ పాత ఆట ఇప్పుడు కొత్తదానికంటే ఎక్కువమందితో కళకళలాడుతోంది. అది మారకుండా ఏమీ లేదు. ఏటా మారుతూనే ఉంది, అడిగి మారుతోంది.

మిగిలింది కాస్త సూక్ష్మమైన అభ్యంతరం. ఆ పాత వృత్తుల్లో ఎంపిక అనేది పేరుకే, అందరూ ఎవరో తేల్చిపెట్టిన ఒకే కూర్పును కాపీ కొట్టేవారు, లేని స్వేచ్ఛను తీసేస్తే పోయిందేమిటి అని. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారీదార్లు ఇదే తర్కంతో వృత్తుల కింద ఉన్న టాలెంట్ వృక్షాలను 2010లో కత్తిరించారు, 2012లో వేళ్లతో సహా పీకేశారు. పాయింటు పాయింటు చొప్పున కొమ్మలు పాకించే పద్ధతి పోయి, ఆరు వరుసల్లో మూడింటికి ఒకటి ఎంచుకోవడమే మిగిలింది. లెక్క ప్రకారం ఎంపిక నిజమైంది, అనవసరమైన చెత్త పోయింది. అయినా పదేళ్లకు, 2022లో, ‘డ్రాగన్‌ఫ్లైట్’ విస్తరణతో ఆ వృక్షాలను కొత్త రూపంలో తామే తిరిగి నాటారు. ఈ మధ్యలో, 2019 ఆగస్టులో, మొదటినాటి ఆటను ‘క్లాసిక్’ పేరుతో విడిగా తెరవాల్సీ వచ్చింది. అలాంటిది మీకు నిజంగా అక్కర్లేదని 2013లో ఒక సభలో అభిమానికి జవాబిచ్చిన సంస్థే అది. అమ్మ చెప్పిన పాళ్లలోనే ఆవకాయ పెట్టే పిల్ల కూడా తన చేత్తో కలుపుతుంది. కలిపి కలిపి ఒకనాడు పాళ్లు తనే మారుస్తుంది. కాపీ కొట్టడం నేర్చుకోవడంలో మొదటి మెట్టు. ఆ మెట్టు మీద ఉన్నవాళ్లను చూసి, మేడ మీద ఎవరూ లేరనుకోవడం పొరపాటు.

ఇవన్నీ విన్నాక కూడా, ఆట సంస్థదే, ఒప్పందంలో అలాగే రాసుంది, సంతకం పెట్టి ఇప్పుడు ఏడిస్తే ఎలా అనేవారు ఉంటారు. చట్టం వాళ్ల వైపే ఉంది, అందులో అనుమానం లేదు. ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఇల్లు తనదే. అయినా అద్దెకున్నవాళ్లు పెంచుకున్న మల్లెపందిరిని చెప్పాపెట్టకుండా నరికితే చుట్టుపక్కలవాళ్లు అతన్ని మంచివాడనరు. ఆటగాడికి కావాల్సింది యాజమాన్యం కాదు, మర్యాద. మార్చబోయే సంగతి అమ్మకానికి ముందే చెప్పాలి. ఎందుకో చెప్పాలి. పాత నేర్పులో కొంతైనా కొత్తదాంట్లో చెల్లే ఏర్పాటు ఉండాలి. ఈ మూడూ చేసినచోట కోపం చల్లారింది, చేయనిచోట ఆటే చల్లారింది.

స్టార్ వార్స్ గెలాక్సీస్ సర్వర్లు 2011 డిసెంబరు 15న శాశ్వతంగా ఆగిపోయాయి. 2005కు ముందున్న ఆటను తిరిగి కట్టాలని కొందరు స్వచ్ఛందంగా ఏళ్ల తరబడి శ్రమించి నిలబెట్టారు. దాన్ని ఇవాళ్టికీ ఆడుతున్నారు. పాతదంతా బంగారమనే మోజు ఇదే అనుకునేవారి కోసం ఇంకొక సంగతి చెప్పాలి. అందరూ తిట్టిన ఆ తొమ్మిది వృత్తుల ఆటను కూడా వేరే అభిమానులు అంతే శ్రద్ధగా పునర్నిర్మించుకుని ఆడుకుంటున్నారు. 2005 తర్వాత వచ్చి, దానికే అలవాటుపడ్డవాళ్లూ ఉంటారు కదా. ఎవరి చేయి ఎక్కడ తిరిగిందో వాళ్లకు అదే సొంత ఊరు.